రీడ్ సెక్షన్‌లో చివరి కుర్చీ

పెట్టె మూత ఎత్తగానే ముందు తగిలింది వాసన. కార్క్ గ్రీజు, పాత వెల్వెట్ గుడ్డ, ఎండిన రీడ్లు (నోట్లో పెట్టుకునే చోట బిగించే పలచటి రెల్లు చీలికలు), పూత పోయిన కీల మీద ఏళ్ళ తరబడి పట్టిన చెమట. క్లారినెట్, శాక్సఫోన్ లాంటి ఉడ్‌విండ్ వాయిద్యాల పెట్టెలన్నీ దాదాపు ఇదే వాసన కొడతాయి, వాయించేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ నచ్చదు. మా మాస్టారు పోయాక వాళ్ళబ్బాయి ఈ క్లారినెట్ నాకు పంపించారు. "ఇంట్లో ఎవరం వాయించేవాళ్ళం కాదమ్మా, నీ దగ్గరుంటే నాన్నగారికి తృప్తి" అని ఫోన్‌లో అన్నారు. ఏమనాలో తెలీక "అలాగేనండీ" అని ఊరుకున్నాను.

లోపల ఆయన సామానంతా అలాగే ఉంది. రీడ్లు వంకర పోకుండా వాటిని ఆనించి రబ్బరు బ్యాండు వేసి ఉంచే చిన్న గాజు పలక. రంధ్రాల్ని మూసే మెత్తటి ప్యాడ్లు తడికి అంటుకుపోతే కింద దూర్చి తేమ పీల్చడానికి సిగరెట్ కాగితాలు (ఆయన జన్మలో సిగరెట్ కాల్చలేదు, ఆ కాగితాలు కొన్నప్పుడల్లా ఎవరైనా చూశారేమో అని అటూ ఇటూ చూసేవారట). వేలెడంత కూడా లేని పెన్సిల్ ముక్క. తాడు చివర బరువు కట్టిన తుడుపు గుడ్డ.

అదే వారంలో మా బ్యాండు వాళ్ళు కార్యక్రమం కాగితంలో వేయడానికి "మీ సంగీత నేపథ్యం, అభిరుచులు రెండు లైన్లలో ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. క్లారినెట్‌తో మొదలు, తర్వాత ఆల్టో శాక్సఫోన్, ఇప్పుడు ఎక్కువగా బ్యారిటోన్ (అడుగు స్వరాలు పలికే పెద్ద శాక్సఫోన్), అవసరానికి ఫ్లూట్, ఇష్టమైనవాళ్ళు ఫలానా ఫలానా. అబద్ధం ఒక్కటీ లేదు కానీ చదువుకుంటే నాకే విసుగొచ్చింది. ఆ రెండు లైన్లలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను, వరస ఉండదు, ఓపికున్నవాళ్ళు చదవండి.

*

క్లారినెట్ నేను కోరుకున్నది కాదు. స్కూల్ బ్యాండులో నా వంతు వచ్చేసరికి ట్రంపెట్లు అయిపోయాయి. మిగిలింది ఒక నల్ల ప్లాస్టిక్ క్లారినెట్, దాన్ని నా చేతిలో పెట్టారు, అంతే. అసలైన క్లారినెట్లు గ్రెనడిల్లా అనే గట్టి నల్ల కలపతో చేస్తారని, ప్లాస్టిక్‌వి పిల్లల సరుకని పక్కవాడెవడో చెప్పడంతో దాన్ని నలుగురిలో బయటికి తీయాలంటే నాకు నామోషీగా ఉండేది.

మాస్టారి దగ్గర చేరిన కొత్తలో ఆ మాట ఆయనతో కూడా అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. 1953లో టొరంటోలో, మాసీ హాల్‌లో జరిగిన కచేరీ సంగతి చెప్పారు. డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్, చార్లెస్ మింగస్, మ్యాక్స్ రోచ్, వాళ్ళ మధ్య చార్లీ పార్కర్. బీబాప్ అనే వేగమైన జాజ్ పద్ధతిలో పెద్ద తలకాయలన్నీ ఒకే స్టేజి మీద. ఆ రాత్రి పార్కర్ చేతిలో ఉన్నది గ్రాఫ్టన్ అనే మీగడ రంగు ప్లాస్టిక్ ఆల్టో. కాంట్రాక్టు గొడవ వల్ల రికార్డు అట్ట మీద పేరు కూడా చార్లీ చాన్ అని వేశారు. ఆ ప్లాస్టిక్ శాక్స్ ఇప్పుడు కాన్సస్ సిటీలో జాజ్ మ్యూజియంలో ఉంది. "నీ వాయిద్యం సంగతి తర్వాత చూద్దాం అమ్మాయ్, ముందు రీడ్ నోట్లో పెట్టుకో" అన్నారు.

రీడ్ నోట్లో పెట్టుకోవడం దగ్గరే మొదటి పాఠం. పెట్టె తెరిచి ముక్కలన్నీ బిగించేలోపు అది నాలుక మీద నానుతూ ఉండాలి. రెల్లు జాతి మొక్క అది, మంచి రీడ్లకి దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతం పేరు. కొత్త రీడ్‌కి పచ్చిగడ్డి రుచి ఉంటుంది, రెండు వారాలు పోయాక ఏ రుచీ ఉండదు, ఆ తర్వాత వచ్చే రుచి గురించి మాట్లాడుకోకపోవడం మంచిది. పెట్టెలో పది రీడ్లుంటే మూడో నాలుగో పనికొచ్చేవి. ఆయన ఒక్కోదాన్నీ దీపానికి ఎదురుగా పట్టి, మధ్యలో మందం, అంచుల్లో పలచన రెండు పక్కలా సమంగా ఉన్నాయా లేదా చూసి, పెన్సిల్‌తో అడుగున చుక్కలు పెట్టేవారు. ఒక చుక్క అంటే సాధనకి, రెండు చుక్కలంటే స్టేజికి. చుక్క లేనివి పారేసేవారు కాదు, "వర్షాకాలం రానీ, వీటి బుద్ధి మారుతుంది" అని పక్కన పెట్టేవారు. నిజంగానే కొన్ని మారేవి. గాలిలో తేమకి రీడ్ ఉబ్బుతుంది కాబట్టి అందులో మాయేం లేదు, కానీ అప్పట్లో నాకు మాయే.

నా వేళ్ళు చిన్నవి. క్లారినెట్‌కి శాక్స్‌లో లాగా ప్రతి రంధ్రానికీ మూత ఉండదు, కొన్నింటిని వేలి కొసలతోనే మూయాలి. కుడిచేతి ఉంగరం వేలు వెంట్రుకవాసి జరిగినా కీచుమంటుంది. దానికితోడు 'బ్రేక్' దాటడం ఒకటి. ఫ్లూట్‌లోనూ శాక్స్‌లోనూ గట్టిగా ఊదితే, లేదా ఆక్టేవ్ కీ నొక్కితే, స పైస్థాయి స అవుతుంది. క్లారినెట్ గొట్టం పొడవునా దాదాపు ఒకే మందం, రీడ్ ఉన్న చివర మూసినట్టే లెక్క, అందుకని దాని లెక్క వేరు. కింద స పట్టుకుని వెనక బొటనవేలి కీ నొక్కితే పై స కాదు, దాని పైన ఉన్న ప పలుకుతుంది. దాంతో రెండు వరసల మధ్య ఖాళీ పూడ్చడానికి గొంతు స్వరాలు అనే బలహీనమైన స్వరాలు కొన్ని ఉంటాయి, వేళ్ళు దాదాపు అన్నీ ఎత్తేసి వాయించేవి. అక్కడి నుంచి ఒక్క మెట్టు పైకి వెళ్ళాలంటే ఒకేసారి అన్ని వేళ్ళూ కిందకి పడాలి. ఆ ఒక్క మెట్టు కోసం ఎన్ని సాయంత్రాలు పోయాయో. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ "మళ్ళీ" అనేవారు. ఇంకో మాట ఉండేది కాదు.

*

పాట మొదలుపెట్టడానికి ముందు లాంగ్ టోన్స్. ఒకే స్వరం, వినపడీ వినపడనట్టు మొదలై, నిండుగా పెరిగి, మళ్ళీ సన్నగిల్లి ఆగిపోవాలి, ఈలోగా శ్రుతి పెరగకూడదు, తగ్గకూడదు. క్లారినెట్‌లో గట్టిగా ఊదితే శ్రుతి దిగుతుంది, మెల్లగా ఊదితే ఎక్కుతుంది, దాన్ని పెదవితో సర్దుకుంటూ పోవాలి. చెప్పడానికి ఇంతే, చేస్తుంటే తల తిరిగేది.

ఇంట్లోవాళ్ళ సంగతి ఇప్పుడు ఆలోచిస్తే జాలేస్తుంది. నాన్న పక్కగదిలో టీవీ సౌండ్ పెంచేవాడు, నేను ఇంకొంచెం గట్టిగా ఊదేదాన్ని, ఆయన ఇంకొంచెం పెంచేవాడు. పక్కింటావిడ ఒకరోజు గేటు దగ్గర ఆపి చాలా మర్యాదగా "పాపా, పాటెప్పుడొస్తుంది?" అని అడిగింది. ఆ తర్వాత బీరువా తలుపులు తెరిచి, వేలాడే బట్టల్లోకి మొహం పెట్టి వాయించడం మొదలుపెట్టాను. బట్టలు పైస్వరాల్ని మింగేస్తాయి, కొంత నయం.

ట్రంపెట్ వాళ్ళకి ఈ బాధ లేదు, ముందు మ్యూట్ దోపుకుంటే చప్పుడు తగ్గుతుంది. వాళ్ళకి గాలి బయటపడే దారి ఒక్క బెల్లే, అంటే వెడల్పాటి చివర. మాకలా కాదు, ధ్వని మొదట తెరిచి ఉన్న రంధ్రంలోంచే బయటికొచ్చేస్తుంది, బెల్లులో గుడ్డలు కుక్కినా అడుగు స్వరాలు రెండు మూడు పాడవుతాయి తప్ప మిగతావాటికి ఏమీ కాదు. సానీ రోలిన్స్ అంతటివాడు 1959 నుంచి 1961 దాకా కచేరీలు మానేసి న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకెళ్ళి సాధన చేశాడంటే అందులో ఇరుగుపొరుగు గొడవ కూడా ఒక కారణం. అప్పటికే ఆయన పేరున్న టెనర్ (ఆల్టో కంటే పెద్ద శాక్స్) వాద్యకారుడు. ఆ కథ విన్నాక నాకూ ఒక వంతెన కావాలనిపించింది. దొరికింది బీరువా.

*

మాస్టారి ముందుగదిలో ఒక రికార్డు ప్లేయర్ ఉండేది. దానికి నాలుగు వేగాలు: 78, 45, 33, ఇంకా 16. ఆ పదహారు దేనికని చాలామంది అడిగేవారు, అది మాలాంటి వాళ్ళకే అనేవారు ఆయన. 33 మీద తిరగాల్సిన రికార్డుని 16 మీద తిప్పితే వేగం సగమవుతుంది, స్వరాలు ఒక స్థాయి కిందకి దిగుతాయి, కానీ అవే స్వరాలు. పరిగెత్తే సోలో నడకలోకి వస్తుంది. లెస్టర్ యంగ్ టెనర్‌ని అలా వింటే ముసలి ఏనుగు గొణుక్కుంటున్నట్టు ఉండేది, నేను పడీ పడీ నవ్వేదాన్ని.

ఒక్కసారికి ఒక్క రికార్డే. అది నోటికొచ్చేదాకా ఇంకోటి ఇచ్చేవారు కాదు. నాకు ముందుగా ఇచ్చింది లెస్టర్ యంగ్ 1936లో, తన మొదటి రికార్డింగులో, 'లేడీ బీ గుడ్' పాట మీద వాయించిన సోలో. ముప్పైరెండు బార్ల పాట (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది), రెండు కోరస్‌లు, అంటే పాట రెండు చుట్లు, అరవైనాలుగు బార్లు. వాయిద్యం ముట్టుకోనిచ్చేవారు కాదు. ముందు పాడాలి. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో అక్కడే తీసుకోవాలి, స్వరాన్ని ఎక్కడ కాస్త వెనక్కి లాగాడో అక్కడే లాగాలి. పదాలుండవు కదా, 'డూ దా' అంటూ పాడటానికి నాకు చచ్చేంత సిగ్గు. "పోనీ తరిన తోం అను, నాకేం అభ్యంతరం లేదు" అనేవారు. కొంతకాలం అలాగే పాడాను కూడా. తర్వాతెప్పుడో తెలిసింది, న్యూయార్క్‌లో లెనీ ట్రిస్టానో అనే పియానిస్టు తన శిష్యులకి సరిగ్గా ఇదే పద్ధతిలో నేర్పేవాడని, లీ కానిట్జ్ లాంటి ఆల్టో వాద్యకారులు అక్కడ లెస్టర్ సోలోలు పాడిపాడే తయారయ్యారని.

లెస్టర్ చిన్నప్పుడు వాళ్ళ కుటుంబం బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. ఈ సంగతి మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో. "స్వరాలు వదిలెయ్, డ్రమ్స్ విను వాడి వాక్యంలో" అనేవారు. రికార్డు తిరుగుతుంటే నేను రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చప్పట్లు కొట్టాలి. పొరపాటున ఒకటి, మూడు మీదకి జారితే ఆయన ఏమీ అనకుండా సూది ఎత్తేసేవారు. రికార్డు మీద సూది లేచినప్పుడు వచ్చే ఆ 'టక్' ఇప్పటికీ నాకు పెద్ద తిట్టే.

ఇప్పుడు ఫోన్‌లో ఏ సోలో అయినా స్వరం మారకుండా ఎంత కావాలంటే అంత నెమ్మదిగా వినొచ్చు, అదే నాలుగు బార్లు తిప్పి తిప్పి వేస్తుంది. నేనూ వాడతాను, బాగుంటుంది. ఒక్కటే తేడా కనిపిస్తోంది, అలా నేర్చుకున్నవి నాకు తొందరగా వస్తున్నాయి, తొందరగానే పోతున్నాయి. ఆ గదిలో నేర్చుకున్న అరవైనాలుగు బార్లు నిద్రలో లేపి అడిగినా పాడతాను.

*

ఆల్టో చేతికొచ్చాక ప్రాణం లేచొచ్చింది. రంధ్రాలన్నిటికీ మూతలున్నాయి, ఆక్టేవ్ కీ నొక్కితే స్థాయే మారుతుంది, వేళ్ళ పట్టు క్లారినెట్ పైవరసకి చాలా దగ్గర. ఇత్తడితో చేసిన దాన్ని ఉడ్‌విండ్ అంటారేమిటని అడిగితే, ధ్వని పుట్టించేది రీడ్ కాబట్టి అన్నారు. 1846లో పారిస్‌లో అడాల్ఫ్ శాక్స్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి ఉన్న ప్రశ్నే అది.

కొత్తగా వచ్చిన టెన్షన్ శ్రుతులది. క్లారినెట్ మీద నా 'సి' పియానో మీద 'బి ఫ్లాట్'. ఆల్టో మీద అదే 'సి' వేస్తే 'ఈ ఫ్లాట్'. పక్కవాళ్ళు డీ మైనర్ అంటే క్లారినెట్ మీద ఈ మైనర్ వేయాలి, ఆల్టో తీస్తే బీ మైనర్. కాగితాల మీద గళ్ళు గీసుకుని బట్టీ పడుతుంటే అమ్మ వచ్చి ఏంటే అది అంది. చెప్పాను. అమ్మకి గాత్రం వచ్చు, జాజ్ రాదు. "ఇందులో ఏముందే? స ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచి పాడుకోవడమే కదా, నీకు శ్రుతి మారుతోంది, అంతేగా" అని వెళ్ళిపోయింది. నేను గీసిన గళ్ళకంటే ఆ ఒక్క మాట ఎక్కువ పని చేసింది. అప్పటి నుంచి కీ పేరు చూడటం తగ్గించి, స పట్టుకుని మిగతావి దాని నుంచి లెక్క వేసుకోవడం అలవాటైంది.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 రికార్డులో 'సో వాట్' వింటున్నప్పుడు కూడా అమ్మే. పదహారు బార్లు డీ నుంచి మొదలయ్యే డోరియన్ అనే స్వరాల వరస, తర్వాత ఎనిమిది అర మెట్టు పైన ఈ ఫ్లాట్ డోరియన్, మళ్ళీ ఎనిమిది కిందకి. గుమ్మంలో నిలబడి వింది. "ఖరహరప్రియ స్వరాలు. మధ్యలో శ్రుతి పైకి జరిపారు, మళ్ళీ దించారు. ఎందుకూ?" అంది. అలా రాశారమ్మా అన్నాను, నా దగ్గర అంతకంటే జవాబు లేదు. "స్వరాలైతే అవే కానీ ఇది రాగం కాదే" అని కూడా అంది. అందులో టెనర్ వాయించిన కోల్ట్రేన్ సోలో నచ్చలేదు, "పాపం ఆయనకేదో తొందర పనుంది" అంది. కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో ఫరవాలేదట. అలా ఒక్కొక్కరికీ మార్కులు వేసుకుంటూ పోయి, డ్యూక్ ఎల్లింగ్టన్ అనే పియానిస్టు నడిపిన పెద్ద బ్యాండులో ఆల్టో వాయించిన జానీ హాడ్జెస్ దగ్గర ఆగిపోయింది. ఆయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు దిగడు, జారుతాడు, ఆ జారడంలో తొందర ఉండదు. "ఇతనికి గమకం వచ్చు" అని తేల్చేసింది. హాడ్జెస్ గురించి నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా ఎవరూ రాయలేదు.

ఆ దారిలోనే నేను శాక్స్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్‌గారి దగ్గరికి వచ్చాను. శాక్స్ మీద గమకం కుదరదనే మాట తప్పని ఆయన ఒక జీవితకాలం పాటు ఊదిచూపించారు. 2019లో పోయారు. 2008లో రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికన్ ఆల్టో వాద్యకారుడితో కలిసి ఆయన చేసిన ఆల్బమ్ ఉంది, రెండు ఆల్టోలు, ఇద్దరి ఊపిరీ వేరు, వినండి. ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటూ వచ్చినవాళ్ళున్నారు: చార్లీ మరియానో అనే జాజ్ ఆల్టో వాద్యకారుడు నాదస్వరం నేర్చుకుని తన బ్యాండుల్లో వాయించాడు. నాదస్వరం డబుల్ రీడ్, అంటే రెండు రీడ్లు కలిపి కట్టినది, ఆ రీడ్ మీద పెదవి నిలబెట్టడం ఎంత కష్టమో ఓబో పట్టుకున్నవాళ్ళని అడిగితే చెబుతారు. నేను పట్టుకుని చూశాను. చెవులు మూసుకుపోయాయి.

*

ఇక బ్యాండు. బిగ్ బ్యాండ్‌లో (పెద్ద జాజ్ బ్యాండు) రీడ్ సెక్షన్, అంటే శాక్సఫోన్ల వరస, అయిదు కుర్చీలు, రెండు ఆల్టోలు, రెండు టెనర్లు, ఒక బ్యారిటోన్. మధ్యలో లీడ్ ఆల్టో, చివర బ్యారిటోన్. నన్ను ముందు సెకండ్ ఆల్టోలో కూర్చోబెట్టారు. సోలోలు రావు. పాటలో అందరికీ తెలిసిన మెలొడీ కూడా రాదు, దానికింద నడిచే ఏదో వరస వస్తుంది, దాన్ని ఒంటరిగా ఇంట్లో వాయిస్తే ఇది ఏ పాటో కనిపెట్టడం కూడా కష్టం. నేర్చుకునే వయసులో చాలామందికి ఆ కుర్చీ శిక్ష. నాకెందుకో మొదటి సాయంత్రం నుంచే నచ్చింది.

లీడ్ వాయించే అన్న కౌంట్ అయ్యేటప్పుడు ఎడమ భుజం కాస్త ఎత్తేవాడు. ఆ భుజంతో పాటు అయిదుగురం ఊపిరి తీసుకునేవాళ్ళం, ఆ చప్పుడు మా వెనక కూర్చున్న ట్రాంబోన్ల దాకా వినపడేదట. స్వరం ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద ఉంటుంది, ఎప్పుడు ఆపాలో మాత్రం అతని వీపు చూసి తెలుసుకోవాలి. అతను వైబ్రేటో (స్వరాన్ని వణికించడం) వేస్తేనే మేం వేయాలి, అదీ అంత వేగంతోనే. కాగితం మీద ఊపిరి గుర్తుకి పెన్సిల్‌తో కామా పెట్టుకునేవాళ్ళం, ఒకసారి పెన్నుతో పెట్టినందుకు అన్న నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. చార్టులు (స్వరాలు రాసిన ఆ కాగితాలు) చేతులు మారుతూ వచ్చినవి, ఒక్కో పేజీలో నాకు ముందు కూర్చున్నవాళ్ళ కామాలు, "లేవకు", "ఇక్కడ ఫ్లూట్!!" లాంటి మాటలు, ఒకచోట ఎవరిదో ఫోన్ నంబరు.

ఆ "ఫ్లూట్!!" ఊరికే రాయలేదు. మా కాళ్ళ దగ్గర పెగ్గుల (చిన్న స్టాండ్లు) మీద క్లారినెట్, ఫ్లూట్ నిలబెట్టి ఉంటాయి. రెండు బార్ల విరామంలో శాక్స్ వదిలి ఫ్లూట్ ఎత్తాలి. అంతసేపూ అక్కడ నిలబడి చల్లబడిపోయి ఉంటుంది, చల్లబడితే శ్రుతి దిగిపోతుంది, పైగా రీడ్‌ని బిగించి పట్టుకున్న పెదవులు ఫ్లూట్‌కి ఒక్కసారిగా వదులవ్వాలి. తెలివైనవాళ్ళు ముందు పాటలోనే ఫ్లూట్ తలభాగంలోకి చప్పుడు కాకుండా వెచ్చటి ఊపిరి వదిలి పెట్టుకుంటారు.

రెండు టెనర్లు సోలో ఎవరిదని పోట్లాడుకుంటుంటే నేను బ్యారిటోన్ వైపు చూస్తూ ఉండేదాన్ని. మాస్టారితో ఆ మాట అన్నప్పుడు ఆయన 1930 నాటి ఎల్లింగ్టన్ 'మూడ్ ఇండిగో' వేశారు. మూడే గొంతులు మొదలుపెడతాయి, మ్యూట్ పెట్టిన ట్రంపెట్, మ్యూట్ పెట్టిన ట్రాంబోన్, క్లారినెట్. క్లారినెట్ ఎక్కడుందో చెప్పమన్నారు. ఎవరైనా పైనే వెతుకుతారు. అది అడుగున ఉంది. ట్రాంబోన్‌కి కూడా కింద, తన అట్టడుగు వరసలో, పొగలాంటి మెత్తటి ధ్వనితో బార్నీ బిగార్డ్. ఉండాల్సిన వరస తిరగేశాడు ఎల్లింగ్టన్, మూడింటి ధ్వనులూ కలిసి నాలుగో వాయిద్యమేదో ఉందనిపిస్తుంది. ఆ రోజు సోలోల సంగతి మేం మాట్లాడుకోనే లేదు.

అప్పటి నుంచి నా అభిరుచి అటే పోయింది. 1947లో వుడీ హెర్మన్ బ్యాండు కోసం జిమ్మీ జుఫ్రీ రాసిన 'ఫోర్ బ్రదర్స్' ఉంది, మూడు టెనర్లు, ఒక బ్యారిటోన్, నలుగురూ దగ్గర దగ్గరగా నడుస్తారు. దాన్ని వింటూ అడుగున ఉన్న సెర్జ్ చాలాఫ్ బ్యారిటోన్‌ని ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్ళడం నాకు ఇప్పటికీ ఆటే. ఇక హ్యారీ కార్నీ సంగతి. 1927లో పదిహేడేళ్ళ వయసులో ఎల్లింగ్టన్ దగ్గర చేరాడు, 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా అక్కడే ఉన్నాడు, అదే ఏడాది తనూ పోయాడు. ఒకే బ్యాండు, ఒకే కుర్చీ, నలభై ఏడేళ్ళు. కచేరీ నుంచి కచేరీకి బ్యాండంతా బస్సులో వెళ్తే ఎల్లింగ్టన్ మాత్రం కార్నీ నడిపే కారులో పక్కన కూర్చునేవాడు. బ్యారిటోన్ అంటే అడుగున 'బూ' అనడం కాదని, మొత్తం సెక్షన్ రంగు అక్కడి నుంచే మారుతుందని ఆ బ్యాండు ఏ రికార్డు విన్నా తెలుస్తుంది. ఇష్టమైనవాళ్ళలో కోల్ట్రేన్ పేరు లేదేంటని కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. గౌరవం ఉందిరా బాబూ. సాధన చేస్తాను, చేయకపోతే బతకలేం. కానీ ఇంటికొచ్చి పెట్టుకుని వినేది కార్నీనే.

*

మాస్టారి పుస్తకం ఒకటుండేది, చేత్తో రాసుకున్నది, పాటల మెలొడీ, పైన కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు). 1970ల్లో బోస్టన్‌లో సంగీత విద్యార్థులు ఇలాగే చేత్తో రాసి, ఎవరి అనుమతీ లేకుండా జిరాక్సులు తీసి చాటుమాటుగా అమ్మిన పుస్తకం ప్రపంచమంతా తిరిగింది, 2004 ప్రాంతంలో అది హక్కులతో సహా అచ్చయింది. ఆ జిరాక్సు పుస్తకంలో తప్పు కార్డులు చాలా ఉండేవి, జామ్‌లో (నలుగురూ చేరి అప్పటికప్పుడు వాయించుకునేచోట) ఎవరైనా తప్పు కార్డు వేస్తే వాళ్ళు ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారో తెలిసిపోయేది. మాస్టారి పుస్తకంలోనూ తప్పులున్నాయి, కానీ అవి ఆయన తప్పులు. ఒకచోట కార్డు కొట్టేసి పైన ఇంకోటి రాశారు, దాన్నీ కొట్టేసి పక్కన "వినిపించినట్టు వెయ్" అని రాశారు.

ఇప్పుడు జామ్‌కి వచ్చే పిల్లల దగ్గర ఫోన్‌లో వందల పాటలుంటాయి, కీ మార్చమంటే ఒక్క వేలితో మార్చేస్తారు, డ్రమ్స్, బేస్ కూడా ఫోనే వాయించి పెడుతుంది. ఒక్కో సాయంత్రం నాకు అసూయ కూడా కలుగుతుంది. అయితే ఫోన్ డ్రమ్మర్ తాను తప్పడు, ఎదుటివాడు తప్పితే ఆగడు. డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు పంచుకునేటప్పుడు అతను ఒక చిన్న తమాషా చేస్తే, దాన్నే పట్టుకుని మనం జవాబివ్వడం, అతను నవ్వడం, అది ఫోన్‌తో కుదరదు. పాతకాలమే మేలు అనను, బీరువాలో మొహం పెట్టి వాయించిన కాలం మేలంటే ఎవరు నమ్ముతారు.

*

ప్రస్తుతం నా పిచ్చి బేస్ క్లారినెట్, అంటే ఇంకా కిందికి పలికే పెద్ద క్లారినెట్. దానికి కారణం ఎరిక్ డాల్ఫీ. ఆల్టో, ఫ్లూట్, బేస్ క్లారినెట్, మూడింటినీ సోలో వాయిద్యాలుగా వాయించి, 1964లో బెర్లిన్‌లో ముప్పైయారేళ్ళకే పోయాడు. పక్షులు కూస్తుంటే వాటితో పాటు ఫ్లూట్ వాయించేవాడట, వాటి స్వరాలు మన స్వరాల మధ్యలో ఎక్కడో పడతాయని చెప్పేవాడు. ఆయన వాయించినవి విని బేస్ క్లారినెట్ అరిచే వాయిద్యం అనుకుని మొదలుపెట్టాను, తీరా పట్టుకున్నాక నాకు నచ్చుతున్నది దాని అడుగు వరసే. ఎక్కడికెళ్ళినా కింది కుర్చీకే చేరుతున్నాను.

మా బ్యాండుకి ఒక చిన్న అరేంజ్‌మెంట్ రాస్తున్నాను. మూడే గొంతులు, పైన మ్యూట్ ట్రంపెట్, మధ్యలో ట్రాంబోన్, అడుగున మాస్టారి క్లారినెట్. స్వరాలు అమ్మ చెప్పిన ఖరహరప్రియవి, మధ్యలో ఎనిమిది బార్లు అర మెట్టు పైకి జరుగుతాయి, ఎందుకని అడిగితే ఈసారి నా దగ్గర జవాబుంది, కింద క్లారినెట్‌కి ఆ కీలో వేళ్ళు హాయిగా పడతాయి. క్లారినెట్‌కి ప్యాడ్లు మార్పించాలి, రెండు స్వరాల దగ్గర గాలి పోతోంది, బాగుచేసే ఆయన వచ్చే వారం రమ్మన్నాడు. ట్రంపెట్ అమ్మాయి ఒప్పుకుంది. ట్రాంబోన్ వాయించేవాడికే ఇంకా చెప్పలేదు, పాట మొత్తంలో వాడు ఒక్కసారి కూడా గట్టిగా ఊదకూడదని.